బొట్టు పెట్టిన గేజీలు

కనకదుర్గకి ఆ ఫ్యాక్టరీలో కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్ మీద చెయ్యి వేసే భాగ్యం ఆయుధపూజ రోజున కలిగింది. అదీ బొట్టు పెట్టడానికి.

అంతకుముందు ఎప్పుడూ వేయలేదని కాదు. తుడవడానికి వేసింది. మెషిన్ కింద పేరుకున్న ఇనప రజను పారతో ఎత్తి డ్రమ్ములో పోయడానికి వేసింది. మెడలో వేలాడే కార్డు మీద మాత్రం ‘అడ్వాన్స్‌డ్ అప్రెంటిస్, మెకానికల్ మాన్యుఫాక్చరింగ్’ అని నీలం అక్షరాలు ఉన్నాయి. బందరులో డిప్లొమా పూర్తిచేసి, ఆ పైమెట్టు పని నేర్చుకుందామని విజయవాడ ఆటోనగర్‌కి వచ్చింది. వచ్చాక తోటి అప్రెంటిస్‌లతోపాటు నేర్చుకున్నదేమిటంటే, షాఫ్టుల అంచుల్లో లేచిన ముళ్ళని ఆకురాయితో గీకడం, నూనె రాసి అట్టపెట్టెల్లో సర్దడం, ఎవరైనా ఫ్యాక్టరీ చూడటానికి వస్తే శుభ్రమైన కోటు తొడుక్కుని ఆపేసిన మెషిన్ పక్కన, గోడకి తగిలించే ఫోటోల కోసం నవ్వుతూ నిలబడటం. “మా దగ్గర ఆడపిల్లలకి కూడా ట్రైనింగ్ ఇస్తున్నామండీ” అని మేనేజర్ సూర్యప్రకాష్ వాళ్ళకి చెప్పేవాడు. ఆ మాటకి ఆయన గొంతులో తేనె కారేది. వచ్చినవాళ్ళు కారెక్కగానే “కోటు విప్పెయ్యమ్మా, మాసిపోద్ది” అనేవాడు. అప్పుడు తేనె ఉండేది కాదు.

కైకలూరు, భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో రాత్రింబగళ్ళు నీళ్ళు చిలుకుతుంటాయే, ఆ ఏరేటర్లకి షాఫ్టులు చేస్తారక్కడ. షాఫ్టు రెండు కొసలా బేరింగులు కూర్చోవాలి. కొలత వెంట్రుకవాసి ఎక్కువైతే బేరింగు ఎక్కదు, తక్కువైతే ఆగదు. అందుకని పొద్దున్నే కొలత డయల్‌ని సున్నాకి తెచ్చుకోవడం ఆ షెడ్డు సుప్రభాతం. తేవడానికి స్లిప్ గేజీలని ఉంటాయి. అద్దంలా మెరిసే ఉక్కు బిళ్ళలు. వాటిని డయల్ సూది కింద పెట్టి, వాటి మందం ఇంత అని డయల్‌కి చెబుతారు. ఇక ఆ రోజంతా డయల్ చెప్పిందే వేదం.

నవమి నాడు పూజకి ముందు సూర్యప్రకాష్ కుంకుమ పళ్ళెం తెచ్చి కనకదుర్గ చేతిలో పెట్టాడు. “నీ పేరే అమ్మవారి పేరు. ఇవాళ అన్నిటికీ నువ్వే పెట్టాలి తల్లీ.”

నిజం చెప్పొద్దూ, ఆ పిల్లకి సంతోషమే వేసింది. కొత్త పరికిణీ ఓణీ కట్టుకొచ్చింది. లేత్ మెషిన్లకి పెట్టింది, గ్రైండర్‌కి పెట్టింది, ఫోర్క్‌లిఫ్టుకి పెట్టింది, ఆఖరికి కాటాకి కూడా పెట్టింది. తోటి అప్రెంటిస్ ఆరిఫ్ స్టూలెక్కి మామిడి తోరణం కడుతున్నాడు. సీనియర్ ఆపరేటర్ యేసుకుమార్ ఎప్పటిలాగే పూజకి కాస్త దూరంగా, పులిహోర గిన్నెకి కాస్త దగ్గరగా నిలబడ్డాడు. గోడవార బల్ల మీద పనిముట్లన్నీ పేర్చి ఉన్నాయి. వాటి మధ్య చెక్కపెట్టె తెరిచిపెట్టి స్లిప్ గేజీలు.

అక్కడ ఆమె చెయ్యి ఆగింది. “సార్, వీటికి కూడానా? చేతి చెమట తగిలితేనే తుప్పు పట్టుద్ది కదండీ.”

“ఆయుధపూజ అన్నాక ఆయుధాలన్నిటికీ చెయ్యాలి. ఒకదానికి పెట్టి ఒకదానికి మానేస్తే అరిష్టం. పెట్టు, పెట్టు. పంతులుగారికి ఇంకా నాలుగు చోట్లకి పోవాలంట.”

పెట్టింది. తడిపిన పసుపు, దాని మీద కుంకుమ. అమ్మవారి చల్లని చూపు ఉంటే తుప్పేం చేస్తుందిలే అని ఆ క్షణాన ఆమెకీ అనిపించింది. కొండమీద లక్షలమంది క్యూలో నిలబడే రోజున, అమ్మవారి పేరు పెట్టుకున్న పిల్ల ఒక ఉక్కు బిళ్ళకి బొట్టు కాదనడం ఏం బాగుంటుంది?

*

దశమి సెలవు. దాని వెనకే ఆదివారం. కృష్ణ ఒడ్డున ఆశ్వయుజంలో గాలి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆరేసిన తువాలు సాయంత్రానికి ఇంకా తడిగానే ఉంటుంది. ఆ తడిలో గేజీలు బొట్లతోనే పడుకున్నాయి.

సోమవారం పొద్దున సూర్యప్రకాష్ ఆరిఫ్‌ని పిలిచి తుడవమన్నాడు. స్పిరిట్ కావాలి సార్ అన్నాడు ఆరిఫ్. స్టోర్ తాళాలవాడు పండగ నుంచి ఇంకా రాలేదు. “తడిగుడ్డ పెట్టి తుడిచెయ్యరా బాబూ, లోడు పోవాలి” అన్నాడు మేనేజరు. తుడిచాడు. పైపైన పోయింది. కంటికి ఆనని పొర ఒకటి పట్టుకునే ఉంది. దాని మందం కూడా కలుపుకుని డయల్ సున్నా చెప్పింది. ఆ సున్నాని నమ్ముకుని మెషిన్లు షాఫ్టుల్ని కోస్తూ పోయాయి.

రెండు రోజులు తిరక్కుండానే వ్యాను వెనక్కి వచ్చింది. పోయిన పెట్టెలు పోయినట్టే వచ్చాయి. కైకలూరులో ఫిట్టర్లు బేరింగులు ఎక్కించలేక సుత్తి పెట్టి కొట్టారట, రెండు మూడు పగిలాయట. ఫోన్లో వాళ్ళు అన్న మాటలు సూర్యప్రకాష్ ముఖం మీద కనపడుతున్నాయి. షెడ్డు మధ్యలోకి వచ్చి మెషిన్లన్నీ ఆపించాడు.

“గేజీలకి బొట్లు పెట్టిన మహాతల్లి ఎవరు?”

ఎవరో ఆయనకి తెలియదా? పళ్ళెం చేతికిచ్చింది ఆయనే. అందరూ చూస్తుండగా ఇచ్చాడు. అయినా అడిగాడు, అసలు ఆ రోజు తను ఊళ్ళోనే లేనట్టు.

కనకదుర్గ ఆకురాయి కింద పెట్టి లేచి నిలబడింది. “నేనేనండీ. నేనడిగాను, మీరే పెట్టమన్నారు...”

“నోర్ముయ్! నేను పెట్టమంటానా? బుద్ధున్నవాడెవడైనా గేజీకి బొట్టు పెట్టమంటాడా? డిప్లొమా చదివావుగా? చేపల గంపలు మోసే ఇంట్లోంచి తెచ్చి మైక్రాన్లు అప్పజెప్పాను చూడు, నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.”

ఆ మాటకి ఆమె చెవులు వేడెక్కిపోయాయి. వాళ్ళమ్మ రత్తమ్మ బందరు మార్కెట్లో చేపలమ్మే మాట నిజమే. ఆ గంపే ఈమెని చదివించింది. గంపనంటే ఊరుకునే పిల్ల కాదు, కానీ ఆ నిమిషాన సాక్ష్యం చెప్పేవాళ్ళ కోసం చుట్టూ చూసింది. ఆరిఫ్ తలొంచుకున్నాడు. యేసుకుమార్ చేతిలో లేని మురికిని తుడుచుకుంటున్నాడు. ఆ రోజు మేనేజర్ మాటని ఎదురుగా విన్నవాళ్ళు పదిమంది ఉన్న చోట, ఒక్కరికీ చెవులు లేవు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర యేసుకుమార్ పక్కన కూర్చుంది. “అన్నా, నువ్వక్కడే ఉన్నావు కదా. ఆయన పెట్టమనడం నువ్వు వినలేదా?”

యేసుకుమార్ క్యారేజీలో మజ్జిగన్నం కలిపాడు. “విన్నానమ్మా. వినలేదని నేను అబద్ధమాడను. కాకపోతే నన్ను లాగొద్దు. ఇక్కడ నాకు పర్మనెంటని ఎవరూ రాసివ్వలేదు. నువ్వంటే చిన్నదానివి, ఇంకోచోట చూసుకుంటావు.”

“నేనెందుకన్నా ఇంకోచోట చూసుకోవాలి?”

ఆయన క్యారేజీ మూత పెట్టేసి, అన్నం సగం ఉండగానే లేచిపోయాడు. పాపం, మంచివాడే. ఈ లోకంలో అన్యాయాలన్నీ చెడ్డవాళ్ళ బలంతోనే నడుస్తున్నాయని ఎవరన్నారో గానీ, సగం బరువు ఇలాంటి మంచివాళ్ళే మోస్తుంటారు.

సాయంత్రం సూర్యప్రకాష్ ఆమెని గదిలోకి పిలిచాడు. పొద్దుటి మనిషి కాడు. కూర్చోమన్నాడు, ఫ్యాను పెంచాడు.

“పొద్దున ఏదో కోపంలో అన్నాను, మనసులో పెట్టుకోకు. నువ్వు నా కూతురు లాంటిదానివి.” గొంతులోకి తేనె వచ్చేసింది. “చూడమ్మా, ఎవరో ఒకరి తప్పని ఓనర్ గారికి చెప్పాలి. కైకలూరువాళ్ళకి ఆయన జవాబు చెప్పుకోవాలి కదా. నువ్వు బొట్టు పెట్టావు, సరే. కానీ సరిగ్గా తుడిచుంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. తుడిచిందెవరు? ఆరిఫ్. తడిగుడ్డ పెట్టి తుడిచాడు. ఆ ముక్క రేపు ఓనర్ గారి ముందు నువ్వు చెప్పు చాలు.”

ఆమె మెడలో కార్డు అంచుని వేళ్ళతో మెలిపెట్టింది.

“హైదరాబాద్ సీటు సంగతి నీకు తెలుసుగా? పేరు పంపేది నేనే.”

తెలుసు. ఆ సీటు కోసమే ఆమె ఇన్నాళ్ళూ పారా ఆకురాయీ పట్టుకుని పళ్ళ బిగువున ఉంది. హైదరాబాద్‌లో ఒక టూల్‌రూమ్ శిక్షణ కేంద్రంలో, ఒకే బిగింపులో అన్ని వైపులా కోసే ఫైవ్ యాక్సిస్ మెషిన్ మీద శిక్షణ. కంపెనీకి ఒక్కరినే తీసుకుంటారు. అక్కడ నేర్చుకుని వస్తే మెషిన్ ముందు నిలబెట్టక చస్తారా? నేర్చుకోకపోతే కార్డు మీద నీలం అక్షరాలు తప్ప చేతిలో ఏమీ మిగలదు. ఆమెకి కావలసిందల్లా అదొక్కటే, మెషిన్ పని చేతికి రావడం.

“ఆలోచించుకో” అన్నాడు సూర్యప్రకాష్, ఫ్యాను తగ్గిస్తూ.

*

పటమటలో హాస్టల్ మెట్ల మీద కూర్చుని అమ్మకి ఫోన్ చేసింది. సీటు మాట చెప్పింది, ఆరిఫ్ పేరు చెప్పలేదు. “ఒకళ్ళ మీద కొంచెం తోసేస్తే నాకు వస్తదంటమ్మా” అంది, అదేదో పెద్ద విషయం కానట్టు.

రత్తమ్మ అవతల ఎవరితోనో బేరమాడుతూనే వింది. “ఏమే, నాకు చెప్పి చేస్తున్నావా, చేసి చెబుతున్నావా?”

“ఇంకా చెయ్యలేదు.”

“మా మార్కెట్లోనూ ఉన్నారే అలాంటోళ్ళు. మెత్తబడిన చేపని పక్కదాని గంపలోకి నెట్టేస్తారు. ఆ పూటకి వాళ్ళ గంప శుభ్రంగానే ఉంటది. నీ ఇష్టం.” అని పెట్టేసింది. రత్తమ్మకి ఫోన్లో ముద్దుగా మాట్లాడటం చేతకాదు.

కోపమొచ్చింది కనకదుర్గకి. అమ్మ మీద కాదు. ఇంత నీచమైన పనిని ఇంత మర్యాదగా, ఫ్యాను పెంచి మరీ అడిగిన మనిషి మీద కూడా కాదు. విన్న వెంటనే ‘ఛీ’ అనకుండా, ఆలోచించుకోమంటే తలూపి లేచొచ్చిన తన మీద. అవును, ఆలోచించింది. బస్టాపు దాకా ఆలోచిస్తూనే నడిచింది. ఆరిఫ్ అయితే మగపిల్లాడు, ఎక్కడైనా మెషిన్ ఇస్తారు కదా అని కూడా లెక్కవేసింది. ఆ లెక్క గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తోంది.

పొద్దున గేటు ఎదుట టీ బడ్డీ దగ్గర ఆరిఫ్ కనిపించాడు. వన్ టౌన్ నుంచి సైకిల్ తొక్కుకొస్తాడు, చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. ఈమెని చూడగానే టీ గ్లాసులోకి చూశాడు. రోజూ “ఏం దుర్గా, అమ్మవారు టీ తాగుతారా?” అని ఏడిపించే మనిషి.

“ఆరిఫ్, నిన్న నన్ను గదిలోకి పిలిచారు. తుడిచింది నువ్వని చెప్పమన్నారు. చెబితే సీటు నాకేనన్నారు.”

ఆరిఫ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. ముఖం పాలిపోయింది.

“నేనింకా ఏమీ చెప్పలేదు” అంది ఆమె. “చెప్పను కూడా.”

“నిన్ను పిలవకముందు నన్ను పిలిచాడు” అన్నాడు ఆరిఫ్ మెల్లగా. “బొట్టు పెట్టింది ఆ అమ్మాయే, తను వద్దన్నా వినలేదు అని చెప్పమన్నాడు. నువ్వు పండగ పేరెత్తకు, నీ నోటితో బాగుండదు, మిగతాది నేను చూసుకుంటా, సీటు నీదే అన్నాడు.” గ్లాసుని బల్ల చివరికి జరిపాడు. “సరేనన్నాను దుర్గా. మా ఫౌజియాక్కకి కూడా చెప్పేశాను సీటొచ్చిందని. పాయసం చేసింది.”

కనకదుర్గకి నవ్వొచ్చింది. ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. ఒకే సీటుని రెండు గంపల్లో పెట్టి అమ్మాడు మహానుభావుడు. వీళ్ళిద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు చాడీలు చెప్పుకుంటూ ఓనర్ ముందు నిలబడితే, పళ్ళెం ఇచ్చిన చెయ్యి, తడిగుడ్డ పెట్టమన్న నోరు ఎవరికీ గుర్తు రావు. ఎంత తేలిక! పిల్లల్ని పిల్లల చేతే కొట్టించడం.

“ఇప్పుడేం చేద్దాం?” అన్నాడు ఆరిఫ్.

“జరిగింది చెబుదాం. నువ్వు చేసింది నువ్వు, నేను చేసింది నేను. ఆయన చేసింది ఇద్దరం.”

*

ఓనర్ బసవపున్నయ్యగారు తెల్లచొక్కా, నుదుట విబూది, ఎదురుగా నిమ్మరసం. నెమ్మదైన మనిషి. ఆయన గట్టిగా అరవగా విన్నవాళ్ళు లేరు. అరిచే పని సూర్యప్రకాష్‌కి ఒప్పజెప్పారు కాబట్టి ఆయనకా అవసరం రాలేదు.

“చెప్పమ్మా” అన్నాడు సూర్యప్రకాష్, కనకదుర్గ వైపు భరోసాగా చూసి.

“బొట్టు పెట్టింది నేనండీ” అంది కనకదుర్గ. “గేజీలకి వద్దేమో సార్ అని అడిగాను. పెట్టమని మేనేజర్ గారన్నారు. అడిగినదాన్ని గట్టిగా కాదనకుండా పెట్టడం నా తప్పే.”

“తుడిచింది నేనండీ” అన్నాడు ఆరిఫ్. “స్పిరిట్ అడిగాను. తడిగుడ్డతో కానిచ్చెయ్యమన్నారు సార్. నిన్న నన్ను పిలిచి దుర్గ మీద చెప్పమన్నారు. తనని పిలిచి నా మీద చెప్పమన్నారు. చెప్పినవాళ్ళకి హైదరాబాద్ సీటిస్తామన్నారు.”

సూర్యప్రకాష్ ముఖం మింగలేక కక్కలేక ఉంది.

బసవపున్నయ్యగారు ఆశ్చర్యపోయి చూశారు. బొట్టుకి కాదు, తడిగుడ్డకీ కాదు. “సీటేంటయ్యా? మా హేమసుందర్ దసరాకి ముందే వెళ్ళి చేరాడుగా అక్కడ?”

హేమసుందర్ ఆయన బావమరిది కొడుకు. వీళ్ళతోపాటే అప్రెంటిస్. వీళ్ళలా పార పట్టలేదు, వచ్చిన రోజే సీఎన్‌సీ మెషిన్ ముందు నిలబెట్టారు. పండక్కి కూచిపూడి వెళ్ళాడు, ఇంకా రాలేదు అనుకుంటున్నారు అందరూ.

కనకదుర్గ ఆరిఫ్ వైపు చూడలేకపోయింది. లేని సీటు. రాత్రంతా ఆమె తన మీద తను ఉమ్మేసుకున్నది లేని సీటు కోసం. వన్ టౌన్‌లో ఒక అక్క పాయసం కాచింది లేని సీటు కోసం.

“పిల్లలతో ఇవన్నీ ఎందుకు సూర్యప్రకాష్” అన్నారు ఓనర్ గారు, విసుగ్గా. అంతే. మేనేజర్ని అన్నది ఆ ఒక్క మాటే. తర్వాత వీళ్ళ వైపు తిరిగి దయగా నవ్వారు. “సరే, అయిందేదో అయింది. నేనేం అనుకోను. క్షమించేశాను. పోయి పని చూసుకోండి.”

క్షమించారట! కనకదుర్గ మెట్లు దిగింది. తిట్టినా బాగుండేది. గెంటేసినా బాగుండేది. అన్యాయం చేసినవాళ్ళే క్షమించి పంపిస్తే ఆ బరువు ఎక్కడ దించుకోవాలో మనిషికి తెలియదు.

సూర్యప్రకాష్ వెనకే దిగాడు. తిరిగొచ్చిన షాఫ్టులన్నీ మళ్ళీ కొలతకి తెచ్చి పంపాలి. హేమసుందర్ లేక ఒక మెషిన్ ఖాళీగా ఉంది. దాని ముందు పెట్టెలు గుట్టగా పడున్నాయి. ఆయన ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, కనకదుర్గకి ఆ మెషిన్ చూపించాడు.

“నిలబడాలని ఉబలాటపడ్డావుగా. నిలబడు. ప్రోగ్రాం అందులోనే ఉంది. షాఫ్టు బిగించు, తలుపు మూసి పచ్చ బటన్ నొక్కు. ఆగగానే తియ్యి. కోతికి చెప్పినా చేస్తది.”

కనకదుర్గ వెళ్ళి మెషిన్ ముందు నిలబడింది. ఇన్నాళ్ళు కలగన్న చోటు. అద్దం వెనక షాఫ్టుని పట్టి తిప్పే చక్ మెరుపు, వరసగా బిగించిన టూల్స్, తెర మీద బారులు తీరిన అంకెలు. పచ్చ బటన్ ఆమె బొటనవేలికి అందేంత దూరంలో ఉంది. నొక్కితే తిరుగుతుంది. సాయంత్రం దాకా నొక్కుతూనే ఉండొచ్చు, రేపూ నొక్కొచ్చు, కార్డు గడువు తీరేదాకా నొక్కొచ్చు.

ఆమె చేతులు కట్టుకుంది.

“ఏం, వినపడలా?” అన్నాడు సూర్యప్రకాష్.

“నేర్పండి సార్.”

“ఏంటి?”

“ఈ అంకెలేంటో, ఈ టూల్ ఎందుకు ముందొస్తదో, కొలత తేడా వస్తే ఎక్కడ సరిచెయ్యాలో చెప్పండి. చెబితే చేస్తాను. నేను అప్రెంటిస్‌నండీ. నేర్చుకోడానికి వచ్చాను.”

ఎప్పుడొచ్చాడో ఆరిఫ్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అతనూ చేతులు కట్టుకున్నాడు. ఇద్దరూ ఏమీ అరవలేదు. బడిలో పంతులు కోసం చూసే పిల్లల్లా నిలబడ్డారంతే.

సూర్యప్రకాష్ మెడ నరాలు ఉబ్బాయి. “నీకు నేర్పుతూ కూర్చోడానికి ఎవడే ఇక్కడ ఖాళీగా ఉంది? ఇది ఫ్యాక్టరీయా, బడా? నొక్కు ముందు!”

ఆ మాట షెడ్డు ఆ చివరి దాకా వినపడింది. ఆకురాళ్ళ చప్పుడు ఆగింది. ఇంతకాలం ఎవరూ పైకి అనని మాట అది. గోడ మీద ఫోటోల్లో కోట్లు తొడుక్కుని నవ్వుతున్న పిల్లలందరి తరఫునా ఆయన నోటితో ఆయనే అనేశాడు.

కనకదుర్గ కదల్లేదు. భయం లేక కాదు. ఇప్పుడు పొమ్మంటే పోవాలి, బందరు బస్సెక్కాలి. అయినా ఆ బటన్ మాత్రం నొక్కదు.

పక్క వరసలో ఒక మెషిన్ చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. యేసుకుమార్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నేరుగా ఆమె ముందుకి వచ్చి, “జరగమ్మా” అన్నాడు.

ఈయనే వచ్చి నడిపించేస్తే ఇక తామిద్దరూ నిలబడి ఏం లాభం? “జరగనన్నా” అంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా.

“నడపడానికి కాదు, చూపించడానికి. నువ్వు తెర పక్కకి రా. ఆరిఫ్, నువ్వు ఇటు నిలబడు, చేతికి చెయ్యి అడ్డం రాకూడదు.” అని వెనక్కి తిరిగి ఆకురాళ్ళు పట్టుకున్న మిగతా అప్రెంటిస్‌ల వైపు చూశాడు. “మీరూ రండి. అక్కణ్ణుంచి ఏం కనపడుద్ది?”

“యేసూ!” అన్నాడు సూర్యప్రకాష్. “నీకేమైనా మతిపోయిందా? ఇవాళ లోడు పోవాలి.”

యేసుకుమార్ ఆయన వైపు చూడలేదు. మెడ కింద చెమట తుడుచుకున్నాడు.

“పోదు సార్, ఇవాళ పోదు” అంటూ మెషిన్ తలుపు తెరిచాడు.